పడమటి కిటికీకి ఏ తెర? పాఠకుల సందేహాలు, సమాధానాలు

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కర్టెన్లు, బ్లైండ్ల గురించే. దాదాపు అందరూ రంగుతోనో గుడ్డతోనో ప్రశ్న మొదలుపెట్టారు. నేను మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ముందుగా వెతికింది ఆ కిటికీ ఏ దిక్కున ఉంది, దాని రెక్కలు లోపలికి తెరుచుకుంటాయా, బయటికి తెరుచుకుంటాయా అన్న సంగతే. ఆ రెండూ తెలిస్తే గుడ్డ ఎంపిక సగం తేలిపోతుంది కాబట్టి, ఆ వివరాలు రాసిన ఉత్తరాలనే ఈసారి సమాధానాలకు తీసుకున్నాను.

ప్రశ్న: మాది ఐదో అంతస్తులో ఫ్లాట్. పడకగది కిటికీ పడమర వైపు ఉంది. మధ్యాహ్నం మూడు దాటితే ఆ గదిలో కూర్చోలేకపోతున్నాము, రాత్రి పదింటికి కూడా గోడ వేడిగానే ఉంటోంది. ముదురు నీలం బ్లాకౌట్ కర్టెన్లు వేస్తే గది చల్లబడుతుందని షాపులో చెప్పారు. నిజమేనా? కర్టెన్ రాడ్డును కప్పే పాత చెక్క పెల్మెట్ కూడా తీయించేయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: వెలుతురు బాగా తగ్గుతుందమ్మా, వేడి మాత్రం మీరు ఆశించినంత తగ్గదు. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు ఇంచుమించు నడినెత్తినే ఉంటాడు కనుక దక్షిణపు కిటికీకి సజ్జ నీడ ఒక్కటే చాలుతుంది. పడమటి కిటికీ సంగతి అలా కాదు. సాయంత్రం నాలుగున్నర వేళకు ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి, రెండడుగుల సజ్జ ఉన్నా కిటికీలో పైనున్న ఇంచుమించు అడుగు మేరకే నీడ దక్కుతుంది, మిగిలిన కిటికీ అంతటా ఎండ నేరుగా లోపలికి వచ్చేస్తుంది.

అద్దం ఎండను లోపలికి రానిస్తుంది. ఆ ఎండ కర్టెన్ మీద పడి గుడ్డ వేడెక్కితే, ఆ గుడ్డ విడిచే వేడిని మాత్రం అద్దం తిరిగి బయటికి పోనివ్వదు. ముదురు నీలం గుడ్డ అద్దం వైపు ఉంటే అది ఎండను పీల్చుకుని గదిలోనే వేడిని వదులుతూ ఉంటుంది. అదే అద్దం వైపు తెల్లటి లైనింగ్ ఉంటే, ఎండలో కొంత భాగం వెలుతురుగానే అద్దం గుండా వెనక్కి వెళ్ళిపోతుంది. అందుచేత గదివైపు మీకు నచ్చిన నీలమే ఉంచుకోండి, అద్దం వైపు మాత్రం తెలుపు ఉండాలని పట్టుబట్టండి. బ్లాకౌట్ గుడ్డల్లో వెనుక పూత పూసినవి కొన్ని, మూడు పొరలుగా నేసినవి కొన్ని ఉంటాయి. పడమటి ఎండకు, పదేపదే ఉతుకులకు పూత పగిలి పెచ్చులుగా రాలుతుంది కనుక మీకు నేతలోనే మందం ఉన్న గుడ్డ, దాని వెనుక విడిగా తెల్ల లైనింగ్ మేలు.

పెల్మెట్ దయచేసి తీయించకండి. అద్దానికీ కర్టెన్‌కూ మధ్య వేడెక్కిన గాలి పైకి లేచి, రాడ్డు మీదుగా గదిలోకి వస్తుంది. పైన మూత ఉన్న పెల్మెట్ ఆ దారిని మూస్తుంది. అది పాతకాలపుదని తీసేస్తున్న ఇళ్ళు చాలా చూశాను, చూసిన ప్రతిసారీ మనసుకు కష్టమనిపించింది. దానికి కొత్త రంగు వేయిస్తే గది అందం ఏమీ తగ్గదు.

అన్నిటికన్నా పెద్ద తేడా వచ్చేది ఎండను అద్దం దాకా రానివ్వకుండా బయటే ఆపినప్పుడు. ఆ కిటికీకి బాల్కనీ ఉంటే వెదురు తడికె గానీ నీడ వల గానీ కట్టించండి. వలలు 50, 75, 90 శాతం నీడనిచ్చే రకాలుగా దొరుకుతాయి. గాలి కూడా కావాలి కనుక 75 శాతం రకం సరిపోతుందని నా అభిప్రాయం. అపార్ట్‌మెంట్ సంఘం వారు బయట ఏవీ కట్టనివ్వకపోవచ్చు కాబట్టి ముందే అడగండి. మన పెద్దలు వసారాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లింది కూడా ఈ లెక్కనే. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండకు అది ఇప్పటికీ హాయిగా పనిచేస్తుంది, కోస్తా ఉక్కలో మాత్రం నీరు త్వరగా ఆవిరి కాదు కనుక అంత ఫలితం ఉండదు.

ఇక వాడుకలో ఒక్క మార్పు చేసుకోండి. గది వేడెక్కాక మూడింటికి కర్టెన్ వేయడం కాకుండా, ఎండ పడమటికి తిరగకముందే, అంటే పన్నెండు గంటలకే వేసేయండి. పొద్దుగుంకాక కర్టెన్లు, కిటికీ రెక్కలు రెండూ పూర్తిగా తెరవండి. రాత్రి గోడ వేడిగా ఉందన్నారు, అది పగలంతా గోడ తాగిన ఎండ. దానికి కర్టెన్ మందు కాదు.

ప్రశ్న: మా హాలు కిటికీ వెడల్పు ఆరడుగులు. నేలదాకా జారే కర్టెన్లు కుట్టించాలని ఉంది. కుట్టే ఆయన పదకొండు మీటర్ల గుడ్డ కావాలంటున్నారు, మావారు ఆరు మీటర్లు చాలంటున్నారు. ఎవరి మాట నిజం?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: కుట్టే ఆయన మాటే నిజానికి దగ్గరగా ఉంది. కిటికీ వెడల్పు 72 అంగుళాలు. కర్టెన్లు పక్కకు లాగినప్పుడు అద్దానికి అడ్డం రాకుండా ఉండాలన్నా, మూసినప్పుడు పక్కల నుంచి వెలుతురు రాకుండా ఉండాలన్నా రాడ్డు రెండు వైపులా కనీసం ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 84 అంగుళాలు. కుచ్చులు నిండుగా పడాలంటే గుడ్డ వెడల్పు రాడ్డుకు రెండింతలు, అంటే 168 అంగుళాలు కావాలి. గుడ్డ పన్నా 48 అంగుళాలైతే మూడున్నర ముక్కలవుతాయి, జత కర్టెన్లు సమంగా రావాలి కనుక నాలుగు ముక్కలు తీసుకోక తప్పదు. రాడ్డు నుంచి నేలకు 84 అంగుళాలు అనుకుంటే, పై మడతకు నాలుగు, కింది మడతకు ఆరు, కుదింపుకు రెండు కలిపి ఒక్కో ముక్క 96 అంగుళాలు, ఇంచుమించు 2.44 మీటర్లు. నాలుగు ముక్కలకు పది మీటర్లకు కాస్త తక్కువ. పెద్ద పూలో, పెద్ద గీతలో ఉన్న గుడ్డయితే అతుకు దగ్గర డిజైను కలవాలి కాబట్టి మరో అర మీటరు, మీటరు పోతుంది.

ఆరు మీటర్లలో అలాంటి ముక్కలు రెండే వస్తాయి. రెండు ముక్కలూ కలిపి 96 అంగుళాలు, రాడ్డేమో 84. మూసినప్పుడు అది కుచ్చుల్లేకుండా తీగ మీద ఆరేసిన దుప్పటిలా ఉంటుంది. మావారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించానని మీరు రాస్తే సంతోషిస్తాను. ఒకవేళ ఖర్చే అడ్డమైతే ఖరీదైన గుడ్డ ఆరు మీటర్లు కొనేకంటే చవకైన గుడ్డ పది మీటర్లు కొనండి. కర్టెన్‌కు నిండుదనం కుచ్చుల వల్లే వస్తుంది.

రింగుల కర్టెన్లు కుట్టిస్తుంటే ఒక్కో కర్టెన్‌కు రింగులు సరిసంఖ్యలో పెట్టమనండి. బేసి సంఖ్యలో ఉంటే ఒక అంచు గోడ వైపు, రెండో అంచు గది వైపు తిరిగి నిలబడుతుంది.

నూలు గుడ్డయితే కుట్టడానికి ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఆ తర్వాతే కుట్టే ఆయనకు ఇవ్వండి. మా మొదటి ఇంటికి నేను మంగళగిరి నేత గుడ్డతో, తడపకుండానే, నేలను తాకీ తాకనట్టుగా కర్టెన్లు కుట్టించుకున్నాను. మొదటి ఉతుకులోనే మూడు అంగుళాలు పైకి లేచాయి, కింది మడతలోనూ విప్పి పొడిగించుకోవడానికి గుడ్డ మిగల్చలేదు. అందుకే కింది మడత ఆరు అంగుళాలు అని రాశాను. దాన్ని మూడుకు తగ్గించనివ్వకండి.

ప్రశ్న: మా అత్తగారు పెడన నుంచి కలంకారీ గుడ్డ పన్నెండు మీటర్లు తెచ్చి ఇచ్చారు. హాల్లో తూర్పు, దక్షిణం వైపు కిటికీలున్నాయి. కర్టెన్లు కుట్టిస్తే రంగు వెలిసిపోతుందని ఇంట్లో వద్దంటున్నారు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పకుండా కుట్టించుకోండి, కాకపోతే ఆ గుడ్డ మీద నేరుగా ఎండ పడనివ్వకండి. పెడనలో కరక్కాయ నీళ్ళలో తడిపి, పటికతో, ఇనుప ముక్కలు బెల్లంతో కలిపి నానబెట్టిన నల్లటి ద్రావణంతో చెక్క అచ్చులు అద్ది, ఉడికించి రంగు తేల్చే పద్ధతి ఉంది. అలా చేసిన గుడ్డలో నలుపు, ఎరుపు చాలాకాలం నిలుస్తాయి, పసుపు మాత్రం ఎండకు ముందుగా వెలుస్తుంది. ఇప్పుడు రసాయన రంగులతో అచ్చు వేసినవి కూడా అదే పేరుతో అమ్ముతున్నారు కనుక మీ గుడ్డ ఏ రకమో అత్తగారిని అడిగి తెలుసుకోండి.

మీ తూర్పు కిటికీకి ఉదయం ఎండ నేరుగా తగులుతుంది, దక్షిణపు కిటికీకి చలికాలంలో ఎండ లోపలిదాకా వస్తుంది. రెండు చోట్లా కలంకారీ వెనుక తెల్లటి నూలు లైనింగ్ వేయించండి. లైనింగ్‌ను కలిపి కుట్టకుండా విడిగా వేలాడదీస్తే ఎండకు నలిగేది అదే కాబట్టి, కొన్నేళ్ళకు దాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. హాలుకూ భోజనాల గదికీ మధ్య ద్వారం ఉంటే అందులో సగం గుడ్డ అక్కడ వేయండి, అక్కడ లైనింగ్ కూడా అవసరం లేదు. ఉతకడానికి కుంకుడు రసం వాడి, తిరగేసి నీడన ఆరవేయండి.

ప్రశ్న: మాది పాత ఇల్లు, టేకు కిటికీలు. మధ్యలో ఇనుప ఊచలు, బయటికి చెక్క రెక్కలు, లోపలికి తెరుచుకునే దోమల మెష్ రెక్కలు ఉన్నాయి. కర్టెన్లు దుమ్ము పట్టేస్తున్నాయి కనుక రోమన్ బ్లైండ్లు వేయించాలనుకుంటున్నాము.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చెక్క రెక్క తీయాలంటే ముందు మెష్ రెక్క లోపలికి లాగాలి, ఊచల మధ్య నుంచి చెయ్యి పోనివ్వాలి. ఫ్రేము లోపల బ్లైండు బిగిస్తే ఆ మెష్ రెక్క కదలదు. ఫ్రేముకు పైన గోడకు బిగించినా రోమన్ బ్లైండు పైకి లాగినప్పుడు దాని మడతలు ఎనిమిది నుంచి పది అంగుళాల మేర కిందికి వేలాడతాయి, మెష్ రెక్క పైఅంచు వాటికి తగులుకుంటుంది. బ్లైండే కావాలనుకుంటే చుట్టుకునే రోలర్ రకం తీసుకోండి, దాని చుట్ట మూడు నాలుగు అంగుళాలకు మించదు. ఫ్రేముకు పైన ఆ మేరకు జాగా ఉందో లేదో టేపుతో కొలిచి, మెష్ రెక్క పూర్తిగా తెరిచి చూసి, ఆ తర్వాతే ఆర్డరివ్వండి. పాత ఫ్రేములు అన్ని మూలలా సమంగా ఉండవు, వెడల్పును పైన, మధ్య, కింద మూడు చోట్ల కొలవాలి.

నన్నడిగితే మాత్రం మీ కిటికీలకు పాత పద్ధతే తగినది. మెష్ రెక్కకే పైన ఒక స్ప్రింగ్ వైరు, కింద ఒక స్ప్రింగ్ వైరు కట్టి పలుచని నూలు తెర తొడిగితే, రెక్కతోపాటే తెర కూడా తిరుగుతుంది. దుమ్ము పడితే విప్పి ఉతకడం ఐదు నిమిషాల పని.

ప్రశ్న: డల్లాస్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చాము. మనవడికి పద్నాలుగు నెలలు. వాళ్ళ అద్దె అపార్ట్‌మెంట్‌లో కిటికీ బ్లైండ్లకు తాళ్ళు వేలాడుతున్నాయి, వాడు వాటినే పట్టుకుని లాగుతున్నాడు. నాకు భయంగా ఉంది.
– ఒక అమ్మమ్మ

జవాబు: మీ భయం సరైనదేనమ్మా, ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా విడిగా కూడా సమాధానం పంపాను. బ్లైండు తాడు మెడకు చుట్టుకుంటే బిడ్డ ఏడవలేడు, నిమిషం లోపే ప్రాణం మీదికి వస్తుంది. ఈ రోజే ఉయ్యాలనూ, పక్కనూ, ఎక్కడానికి వీలున్న కుర్చీలనూ కిటికీకి దూరంగా జరపండి. తాళ్ళను మనిషి ఎత్తున గోడకు కొక్కెం బిగించి దానికి చుట్టేయండి. అమెరికాలో షాపుల్లో సిద్ధంగా దొరికే బ్లైండ్లు 2018 డిసెంబరు తర్వాతి ప్రమాణం ప్రకారం తాడు లేకుండానో, తాడు చేతికి అందకుండానో ఉండాలి, కానీ అంతకుముందు బిగించినవి అద్దె ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. పసిబిడ్డ ఉన్నాడని రాతపూర్వకంగా చెప్పి, తాళ్ళు లేనివి వేయించమని మీ అల్లుడిగారిని యజమానికి రాయమనండి. మన దగ్గర బ్లైండ్లు కొనేవారు కూడా, ఇంట్లో పిల్లలున్నా, పిల్లలు వచ్చిపోతున్నా, గొలుసు రకం బదులు స్ప్రింగుతో పనిచేసేది అడిగి తీసుకోవాలి.

ప్రశ్న: వంటింటి కిటికీ సరిగ్గా పొయ్యి వెనకే ఉంది. దానికి ఏ కర్టెన్ బాగుంటుంది?
– ఒక సోదరి, కర్నూలు

జవాబు: ఏదీ వద్దు. గాలికి ఎగిరి మంట మీద పడే గుడ్డ పొయ్యి వెనుక ఉండకూడదు. సింథటిక్ గుడ్డయితే కరిగి ఒంటికి అంటుకుంటుంది కూడా. బయటివారికి కనబడకూడదన్నదే సమస్య అయితే కింది సగం అద్దానికి పాలరంగు ఫిల్ము అతికించండి, నూనె జిడ్డు పడినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. రెండేళ్ళకోసారి కర్టెన్ రాడ్లు తుప్పు పడుతున్నాయి. స్టీలువే కొంటున్నాము, అయినా అదే పరిస్థితి.
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: స్టీలు అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. చవకగా దొరికే రాడ్లు ఎక్కువగా 202 రకం, ఉప్పుగాలికి అవి త్వరగా మచ్చలు పడతాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అని కొందరు పరీక్షించి చూపిస్తారు, కానీ సాధారణంగా 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు కాబట్టి ఆ పరీక్షను నమ్మకండి. 304 రకమని బిల్లు మీద రాయించుకోండి, లేదా పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం ట్రాకు తీసుకోండి. కర్టెన్‌కు త్వరగా ఆరే పలుచని గుడ్డ వేసుకుంటే తేమ వాసన కూడా రాదు. రాడ్డు మార్చినప్పుడు దాన్ని గోడకు పట్టి ఉంచే స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే వేయించండి, ఎందుకంటే గోడ మీద రాడ్డు చివర నుంచి కిందికి కారిన ఎర్రటి చారలు చాలా ఇళ్ళలో రాడ్డువి కావు, ఆ ఇనుప స్క్రూలవే.