లెక్చరర్ ఉద్యోగం మానేస్తానంటున్నాడు, ఆపాలా?

ప్రశ్న: మాది కావలి. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి 34 ఏళ్లు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి నెల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్లుగా లెక్చరర్‌గా చేస్తున్నాడు. ఇద్దరు పిల్లలు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, హైదరాబాదులో లక్షన్నర కట్టి డేటా సైన్స్ నేర్చుకుంటానంటున్నాడు. ఈ వయసులో ఇదేం పని? వద్దని మీరైనా చెప్పండి.

జవాబు: పెద్దాయనా, వద్దని నేను చెప్పను. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి రాత్రి స్టడీ అవర్ దాకా పాఠాలు, మిగిలిన టైములో పేపర్లు దిద్దడం. సెలవులొస్తే ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో ఎండలో తిరిగి ‘మీ పాపను మా కాలేజీలో చేర్పించండి’ అని గడపగడపకూ అడగడం. ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. ముందు చెప్పేది జీతం గురించి కాదు, గొంతు పోయిందనే. మీ అబ్బాయి అవన్నీ ఇంట్లో చెప్పి ఉండడు.

నా భయం వేరే. పని మారుతుంది, రంగం మారుతుంది, ఊరు మారుతుంది, జీతం ఆగిపోతుంది. నాలుగూ ఒకే నెలలో. ఇద్దరు పిల్లలున్న ఇంటికి అది పెద్ద దెబ్బ. పైగా కోర్సయ్యాక ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల పక్కన ఫ్రెషర్‌గా నిలబడాలి, తొమ్మిదేళ్ల అనుభవం అక్కడ లెక్కలోకి రాదు. అయినా వెళ్తానంటే, డబ్బు కట్టే ముందు ఆ సంస్థలో కిందటి బ్యాచ్‌లో చదివిన ముగ్గురి ఫోన్ నంబర్లు అడిగి, వాళ్లతో మాట్లాడమనండి. నంబర్లివ్వడానికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయొచ్చు.

కెమిస్ట్రీని వదలకుండా క్లాసురూమును మాత్రం వదిలే దారి నెల్లూరులోనే ఉంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలు మీకు తెలియనివి కావు. వాటి చుట్టూ నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబులున్నాయి. ఒకరోజు పొద్దున్నే వెళ్లి కూర్చోమనండి. రైతు బండి మీద ప్లాస్టిక్ సీసాలో గుంట నీళ్లు తెస్తాడు. ల్యాబులో పీహెచ్ (నీళ్లు ఆమ్లం వైపున్నాయో క్షారం వైపున్నాయో చెప్పే అంకె), అమ్మోనియా చూస్తారు. నీళ్లు ఆమ్లాన్ని ఎంత తట్టుకుంటాయో చెప్పే క్షారత కోసం, బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా యాసిడ్ వదులుతూ రంగు మారేదాకా చూస్తారు. మీ అబ్బాయి పిల్లలతో ప్రాక్టికల్స్‌లో చేయించిన టైట్రేషనే ఇది. చివరికి రైతు చేతికి అంకెలున్న చీటీ ఒకటి వస్తుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి ‘ఏం వెయ్యమంటారు సార్’ అంటాడు. చాలాచోట్ల జవాబు ఒక మందు డబ్బా.

గుంటలో నాచు ఎక్కువుంటే మధ్యాహ్నానికి పీహెచ్ ఎందుకు పెరుగుతుంది, పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా రొయ్యకు ఎందుకు విషమవుతుంది, పొద్దుటి నీళ్లు ఒక్కటే చూపిస్తే ఎందుకు చాలదు అన్నది రైతుకు అర్థమయ్యేలా చెప్పే మనిషి దొరకడు. తొమ్మిదేళ్లు బైపీసీ పిల్లలకు కెమిస్ట్రీ ఎక్కించినవాడికి అదేమంత కష్టం? రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో క్వాలిటీ విభాగం ఇంకో దారి. ఎగుమతి సరుకులో యాంటీబయోటిక్ అవశేషాలు పట్టుకోవడం అక్కడ ముఖ్యమైన పని. కొత్త మెషీన్లు నేర్చుకోవాలి, కానీ పునాది ఉంది. రొయ్యల జబ్బుల గురించి చదువుకోవాలంటే ముత్తుకూరులోనే ఫిషరీ కాలేజీ ఉంది, అక్కడివాళ్లను అడిగితే ఏ పుస్తకాలు చదవాలో చెబుతారు.

మొదట్లో జీతం ఇప్పటికన్నా తగ్గొచ్చు, ఇంట్లో ముందే చెప్పుకోవాలి. మందుల కమిషన్ మీద నడిచే ల్యాబులు కూడా ఉన్నాయి, అలాంటిచోట మీ అబ్బాయి ఇమడలేడనిపిస్తోంది. రంగానికీ ఒడిదుడుకులున్నాయి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్యల రేట్లు ఎలా పడ్డాయో మీరూ వినే ఉంటారు. అందుకే రాజీనామా ఇప్పుడే వద్దంటున్నాను. మూడు నెలలపాటు, సెలవు దొరికిన ఆదివారమల్లా ఏదో ఒక ల్యాబులో ఉచితంగానైనా పని చెయ్యమనండి. ఆ వాసన, ఆ ఎండ, ఆ రైతులతో మాటలు నచ్చితే సరే. నచ్చకపోతే పోయింది మూడు నెలల ఆదివారాలే, డేటా సైన్స్ ఎటూ పారిపోదు. దాని మొదటి పాఠాలు రాత్రిళ్లు ఫోన్లో ఉచితంగా నేర్చుకుని చూడొచ్చు.

ఇక డబ్బు. ఐదేళ్లు దాటి పనిచేస్తే గ్రాట్యుటీ హక్కు. అది టీచర్లకు, లెక్చరర్లకు వర్తించదని కొన్ని కాలేజీల్లో ఇప్పటికీ చెబుతారు. 2009లో చట్టాన్ని సవరించి వాళ్లనూ చేర్చారు, 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. చివరి బేసిక్, డీఏ కలిపి 20 వేలనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15తో, తొమ్మిదేళ్లతో గుణిస్తే సుమారు లక్షా 3 వేల 800. సర్వీసు తెగిందని చెప్పడానికి మధ్యలో రాజీనామా రాయించుకుని మళ్లీ చేర్చుకున్నట్టు చూపించారేమో, పాత అపాయింట్‌మెంట్ కాగితాలు ఒకసారి తీసి చూడమనండి.

పీఎఫ్ కడుతుంటే దాన్ని తీసెయ్యొద్దు, కొత్త ఉద్యోగానికి బదిలీ చేయించుకోవాలి. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, అతనికి తొమ్మిదయ్యాయి. ఒక్క ఏడాది దూరంలో డబ్బు లాగేసుకుంటే పెన్షన్ దారి మూసుకున్నట్టే. నేను ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ మొత్తం తీసి బండి కొన్నాను. బండి ఎప్పుడో తుక్కయింది, ఆ సర్వీసు తిరిగి రాలేదు.

మానేది ఎప్పుడంటే, ఇంటర్ పరీక్షలయ్యాక, అడ్మిషన్ల తిరుగుడు మొదలుకాకముందు. ఏడాది మధ్యలో వదిలితే పిల్లలకు నష్టం, యాజమాన్యంతో గొడవ. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయేమో ముందు అడగండి. ఉంటే, మానేస్తున్న మాట బయటపడకముందే ఏదో పనుందని చెప్పి ఇంటికి తెచ్చుకోవాలి.

మీరు చెయ్యగల సాయం ఒకటుంది. వచ్చే ఆదివారం అతను ల్యాబుకు బయల్దేరితే వెంట మీరూ వెళ్లండి. ముప్పై ఏళ్లు బస్సులో రైతులతో మాట్లాడినవారు, వాళ్ల మాట మీకు తెలుసు.