ముత్తాతగారి చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. మద్రాసులో వైద్యం చేసిన మీ ముత్తాతగారి చరిత్ర రాయాలని నడుం కట్టావని చదివి చాలా సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. మీ నాయనమ్మగారి దగ్గర మొదలుపెట్టు. గ్రంథాలయాలు ఎక్కడికీ పోవు, ఆవిడకు తొంభై దాటాయి. ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆయన ఇంకా రోగులను చూస్తూనే ఉన్నారు. ఆ సంగతి చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఆవిడ ఒక్కరే.

చెప్పినదంతా రాసుకో. కాని రాసుకున్నదంతా అచ్చు వేయవద్దు. ఈ మాట అనుభవం మీద అంటున్నాను. ముప్పై ఏళ్ళ కిందట మా తాతగారి శతజయంతి సంచికలో ఆయన లండన్‌లో చదివి వచ్చారని రాసింది నేనే. మా మేనత్తలు ముగ్గురూ ఒకే మాటగా చెప్పారు, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలనుకున్నాను. సంచిక పంచిన రెండేళ్ళకు ఆయన ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితాల కింద ఎల్.ఎం.పి., అంటే లైసెన్స్‌డ్ మెడికల్ ప్రాక్టీషనర్, పట్టా దొరికింది. ఆయన చదివింది రాయపురం వైద్య పాఠశాలలో. ఓడ ఎక్కనే లేదు.

ఆ పట్టా ఎందుకు అడుగున పడిందో తెలియాలంటే ఆనాటి అంతరాలు తెలియాలి. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి విశ్వవిద్యాలయం నుంచి ఎం.బి. అండ్ సి.ఎం. పట్టా పొందినవారు సర్కారు కొలువులో అసిస్టెంట్ సర్జన్లు అయ్యేవారు. వైద్య పాఠశాలల నుంచి వచ్చిన లైసెన్షియేట్లు సబ్ అసిస్టెంట్ సర్జన్లు. అంతకు ముందు వాళ్ళను హాస్పిటల్ అసిస్టెంట్లు అనేవారు. జీతం తక్కువ, మర్యాద ఇంకా తక్కువ. రాయపురం పాఠశాల స్టాన్లీ పేరుతో కళాశాల స్థాయికి చేరింది 1938లో. అప్పటికి మా తాతగారు వైద్యం మొదలుపెట్టి రెండు దశాబ్దాలు దాటింది. ఆయన ఏనాడూ ఆ మూడు అక్షరాలకు సిగ్గుపడలేదు, బల్ల మీది పలకలో చెక్కించుకున్నారు. సిగ్గుపడింది ఆయన పిల్లలు. ఆ సిగ్గులోంచే లండన్ పుట్టింది. సవరణ కాగితం అచ్చు వేయించి అందరికీ పంపాను. ఒక మేనత్త చివరిదాకా నాతో మాట్లాడలేదు. అయినా పంపినందుకు విచారం లేదు. నేను కట్టబెట్టిన గొప్ప కన్నా ఆయన అసలు గొప్ప పెద్దది.

అందుకని ముందు చదువు సంగతి తేల్చుకో. మద్రాసు ప్రెసిడెన్సీలో 1914లో వైద్యుల నమోదు చట్టం వచ్చింది. ఆ పట్టికల్లో పేరూ పట్టా ఉంటాయి. పట్టభద్రులైతే విశ్వవిద్యాలయ క్యాలెండర్లలో కనిపిస్తారు. సర్కారు ఉద్యోగమైతే నియామకాలు, బదిలీలు ఫోర్ట్ సెంట్ జార్జి గెజెట్‌లో వచ్చేవి. ఇంటి చిరునామాకు అసైలం ప్రెస్ వారు ఏటా వేసిన ఆల్మనాక్ అనే చిరునామాల పుస్తకం చూడు. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఓపికగా కూర్చోవాలి. ఇంటిపేరు అక్కడ ఒక్క పొడి అక్షరమై ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఇంగ్లీషు వర్ణక్రమం గుమాస్తాకొక తీరు, నాయుడుకే నాలుగు రూపాలు కనిపిస్తాయి. అన్నిటి కిందా వెతుకు. మరణవార్త కోసం ఆంధ్రపత్రిక తిరగెయ్యి, 1914 నుంచి అది మద్రాసులోనే దినపత్రిక.

తేదీల విషయంలో నాయనమ్మగారిని "ఏ సంవత్సరం?" అని అడగవద్దు. అత్తగారి నోట విన్న సంఘటనలు అడుగు. ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు కురిపించింది 1914 సెప్టెంబరు 22 రాత్రి. జనం పట్నం విడిచి పల్లెలకు పోయారు. మీవాళ్ళు ఎక్కడికి పోయారో, అప్పటికి ఎవరు చంకలో ఉన్నారో అడిగితే పిల్లల వయసులు వరుసగా బయటపడతాయి. జాతక చక్రాలు దొరికితే మరీ మంచిది. అయితే కాళయుక్తి సంవత్సరం అని ఉంటే గబుక్కున 1918 అని రాసేయకు. అది మాఘమాసమైతే 1919 అవుతుంది.

వైద్యం గురించి రాసేటప్పుడు ఆ కాలపు చేతులతో రాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది, దానికి ఏ డాక్టరు దగ్గరా మందు లేదు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ మొదటిసారి ఇచ్చింది 1922లో, అదీ కెనడాలో. పెన్సిలిన్ రెండో ప్రపంచయుద్ధం చివరికి గాని బజారుకు రాలేదు. ముత్తాతగారు ఒక్క సూదితో ఊపిరి నిలిపారని ఎవరైనా చెబితే ఏ సంవత్సరమో, ఏ మందో చూసుకో. మందు లేని రోజుల్లో రాత్రంతా రోగి పక్కన కూర్చోవడం కూడా వైద్యమే, దాన్ని చిన్నచూపు చూడకుండా రాయి.

పేదల దగ్గర పైసా పుచ్చుకోలేదన్న మాట ప్రతి డాక్టరు ఇంట్లోనూ వింటాం. చిట్టా పుస్తకం దొరికితే చూడు. మా తాతగారి చిట్టాలో ఉచితం అని రాసిన పేర్లు పుటకు పది ఉన్నాయి. బాకీ కోసం ఒక జమీందారుకు నాలుగుసార్లు రాసిన ఉత్తరాల నకళ్ళూ అందులోనే ఉన్నాయి. నేనైతే రెండూ వేస్తాను.

కాంపౌండరును మరవకు. మిక్చరు కలిపి, మోతాదులు తెలిసేలా కాగితాన్ని పళ్ళుపళ్ళుగా కత్తిరించి సీసాకు అంటించింది అతనే. అతని మనవలు ఎక్కడో ఉండే ఉంటారు, వెతుకు. ముత్తవ్వగారి పేరు కూడా వంశవృక్షంలో "భార్య" అన్న మాట కింద అణగిపోకూడదు. ఆవిడ పుట్టింటి పేరు, చదువు, ఎన్ని కాన్పులు, ఎందరు బతికారు, అన్నీ కావాలి. నడిరాత్రి తలుపు తట్టిన వాళ్ళకు మొదట లాంతరు పట్టుకుని వచ్చింది ఎవరో అడిగి చూడు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనవద్దు. రోగుల పుస్తకాల్లో సుఖవ్యాధులు, గర్భస్రావాలు, పిచ్చి, అన్నీ పేర్లతో సహా ఉంటాయి. ఆ పేర్లు ఎంత పాతవైనా బయట పెట్టకు. వాళ్ళు ముత్తాతగారిని నమ్మి చెప్పుకున్న సంగతులవి. వాళ్ళ మనవలు ఈ రోజున మీ వీధిలోనే ఉండవచ్చు.

ఆదివారం వెళ్తున్నావు కదా. ఫోనులో రికార్డు చేస్తున్నానని ముందే చెప్పు, ఆవిడకు దాపరికం నచ్చదు. పాత ఫొటోలు పట్టుకెళ్ళు. ఎవరెవరో చెబుతుంటే వెనక పెన్సిలుతోనే రాయి, సిరా ఇవతలికి దిగుతుంది. సాయంత్రం కాఫీ తాగాక ఆవిడ గొంతు బాగుంటుంది.

ఆశీస్సులతో,
మీ పెద్ద మామయ్య