మారిషస్‌లో అసలు అధికారం రాష్ట్రపతిదా, ప్రధానిదా?

ప్రధానిదే, రాష్ట్రపతి మన దేశంలోలాగే రాజ్యాంగబద్ధ అధిపతి మాత్రమే. 1968లో స్వాతంత్ర్యం వచ్చినా బ్రిటిష్ రాణే అక్కడ దేశాధినేతగా కొనసాగింది. 1992 మార్చి 12న గణతంత్రమయ్యాక ఆ స్థానంలోకి రాష్ట్రపతి వచ్చారు. పాలన మాత్రం పార్లమెంటుకు జవాబు చెప్పాల్సిన ప్రధాని చేతిలోనే ఉండిపోయింది. రాష్ట్రపతిని ఎన్నుకునేది కూడా జాతీయ అసెంబ్లీయే, అదీ ప్రధాని ప్రతిపాదిస్తే.

అనిరుధ్ జగన్నాథ్‌నే చూడండి. 2003 నుంచి రాష్ట్రపతిగా ఉన్న ఆయన 2012లో ఆ పదవికి రాజీనామా చేసి, మళ్లీ పార్టీ రాజకీయాల్లోకి దిగి, 2014 ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయ్యారు. ప్రోటోకాల్‌లో ఒక మెట్టు కిందే, కానీ పవర్ ఉన్నది అక్కడే మరి!

ద్వీపదేశం అనగానే శ్రీలంక గుర్తొచ్చి, ఇక్కడా రాష్ట్రపతే పాలిస్తారని చాలామంది అనుకుంటారు. శ్రీలంకలో అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, కేబినెట్‌కు ఆయనే అధిపతి. మారిషస్‌లో కేబినెట్‌ను నడిపేది ప్రధాని.