ఎక్సర్‌సైజ్ మూడో వారంలోనే ఆగిపోతోంది, నాకు విల్‌పవర్ లేదా డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, రోజంతా కుర్చీలో కూర్చునే పని. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఈ ఏడాదిలో మూడుసార్లు ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టా. రోజూ గంట రన్నింగ్, దానిమీద జిమ్. మూడో వారానికల్లా కాలి ముందు ఎముక దగ్గర నొప్పి, మోకాళ్ల నొప్పి వచ్చి మానేస్తున్నా. బరువు కిలో కూడా తగ్గలేదు. బీపీ, షుగర్ నార్మల్. నాకు విల్‌పవర్ లేదంటారా? పదివేల అడుగులు నడిస్తే సరిపోతుందా?

జవాబు: విల్‌పవర్ లేనివాళ్లు మూడుసార్లు మొదలుపెట్టరండీ, ఒకసారి మానేసి ఊరుకుంటారు. మీరు ఆగిపోతున్నది మూడో వారంలోనే కానీ తేడా జరిగింది మాత్రం మొదటిరోజే, ఏళ్ల తరబడి కదలని ఒంటితో ఒకేసారి గంట పరిగెత్తించారు.

కొత్తగా మొదలుపెట్టినప్పుడు గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొద్ది వారాల్లోనే దారికొస్తాయి, కానీ కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్లు, ఆ ఎముకలు అంత తొందరగా గట్టిపడవు, వాటికి నెలలు పడుతుంది. అందుకే రెండో వారంలో దమ్ము పెరిగినట్టు అనిపిస్తుంది, హుషారొచ్చి ఇంకాస్త దూరం పరిగెడతాం, కాళ్లేమో ఇంకా దానికి సిద్ధంగా ఉండవు. మీ కాలి ముందు నొప్పికి ఎక్కువగా అవకాశం ఉన్న కారణం ఇదే.

నొప్పుల్లో కూడా తేడా తెలుసుకోండి. చేసిన మర్నాడో ఆ పైరోజో తొడలు, పిక్కలు రెండు వైపులా పట్టేసినట్టు ఉండి మూడు నాలుగు రోజుల్లో పోతే కంగారేం లేదు, అలవాటు లేని పని చేసినందుకు కండరంలో జరిగే మామూలు మార్పు అది. చాలామంది ఇది లాక్టిక్ యాసిడ్ (గట్టిగా కష్టపడేటప్పుడు కండరంలో తయారయ్యే పదార్థం) వల్ల అంటుంటారు, అది గంటా గంటన్నరలో రక్తంలోంచి వెళ్లిపోతుంది, రెండోరోజు నొప్పికి దాన్ని తిట్టి లాభం లేదు. కానీ ఎముక మీద ఒకేచోట వేలుపెట్టి నొక్కితే ప్రాణం పోయినట్టు ఉన్నా, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోయినా, మోకాలు వాచినా ఆపేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, ఎముకలో సన్నటి పగులు ఉందేమో చూడాలి.

ఎన్ని మెట్లకి ఆయాసం వస్తోందో మీరు రాయలేదు. మూడంతస్తులకి అయితే ఫిట్‌నెస్ లేకపోవడం అనుకోవచ్చు, పది మెట్లకే అయితే మాత్రం మొదలుపెట్టే ముందే ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. రక్తం తక్కువున్న మనిషి ఎంత నడిచినా ఆయాసం తగ్గదు కదా.

ఈసారి ఇలా చేయండి. ఇప్పుడు నొప్పి లేకపోతే మొదటి రెండు వారాలు పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు నడక, అంతే. ఇంతేనా అనిపిస్తుంది, అనిపించాలి కూడా. స్పీడు ఎంతంటే పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ తర్వాత వారానికి కొంచెం కొంచెం పెంచుకుంటూ రోజుకి అరగంట చొప్పున వారానికి ఐదు రోజులకి రండి, అంటే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు అని చెప్పింది, ఒక్కసారే కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అన్న పాత రూల్ కూడా తీసేసింది, అంటే ఫోన్ మాట్లాడుతూ ఐదు నిమిషాలు వేగంగా నడిచినా లెక్కలోకే వస్తుంది.

వారానికి రెండు రోజులు కండరాల పని తప్పనిసరి, నడిచేవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది ఇదే. జిమ్‌కే వెళ్లక్కర్లేదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పుషప్స్, మునివేళ్ల మీద లేచి మడమలు మెల్లగా దించడం. మీ కాళ్లకి ఈ చివరిది మరీ ముఖ్యం.

పదివేల అడుగులు మెడికల్ లెక్క కాదండీ, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఓ మీటర్ అమ్మకానికి వచ్చింది, దాని పేరుకే పదివేల అడుగుల మీటర్ అని అర్థం, ఆ నంబరే అలా పాతుకుపోయింది. మీరు ఇప్పుడు మూడువేలు నడుస్తుంటే నాలుగున్నర వేలు కూడా మంచి మార్పే.

ఇక బరువు. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే సుమారు 120 నుంచి 150 క్యాలరీలు ఖర్చవుతాయి, కిలో కొవ్వులో 7,700 దాకా ఉంటాయి, మూడు వారాల్లో మెషీన్ మీద ఏం కనిపిస్తుంది చెప్పండి? తిండి మార్చకుండా నడకతోనే బరువు తగ్గడం కష్టం. నెలకోసారి నడుము కొలత, పొద్దున లేవగానే పల్స్, అవే మెట్లకి ఆయాసం ఎంతుందో రాసిపెట్టుకోండి, ఫలితం ముందు అక్కడే తెలుస్తుంది.

రెండు రోజులు మిస్సయితే ఏం కాదు, మూడోరోజు డబుల్ చేసి తీర్చకండి, మళ్లీ పాత కథే. చేస్తుండగా ఛాతీ బరువెక్కినా, నొప్పి దవడకో చేతికో పాకినా, కళ్లు తిరిగినా ఆపేసి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి, కాసేపు చూద్దాం అనుకోవద్దు.

రన్నింగ్ ఎనిమిదో వారం దాకా వద్దు. అప్పటికి నొప్పి లేకుండా నడుస్తూ ఉంటే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలుపెట్టొచ్చు, కాళ్లు ఎలా ఉన్నాయో అప్పుడు మళ్లీ రాయండి.