అక్టోబరులో పెద్దవాళ్లతో అప్పర్ పెనిన్సులాకు ఆర్‌వీ ప్రయాణం: ముందుగా రాత్రుల సంగతి చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకొని, అక్టోబరు మొదటి వారంలో డెట్రాయిట్ దగ్గర 25 అడుగుల మోటార్‌హోమ్ (లోపలే పడకలూ వంటగదీ ఉండే ఆర్‌వీ బండి) అద్దెకు తీసుకొని, ఏడు రోజుల్లో మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులా చుట్టి రాగలమా, దాని ఉత్తరపు కొసనున్న కాపర్ హార్బర్, పడమటి వైపునున్న పోర్కుపైన్ కొండలు రెండూ చూడగలమా, అక్కడి చలిని పెద్దవాళ్లు తట్టుకోగలరా అని అడిగారు. మేము డెట్రాయిట్ దగ్గరే నోవైలో ఉంటాము. 2019లో ఒకసారి, 2022లో మా అమ్మానాన్నలు సిద్దిపేట నుంచి వచ్చినప్పుడు ఇంకొకసారి సరిగ్గా ఇదే వారంలో వెళ్లాము. ఆ రెండు ప్రయాణాలను దృష్టిలో పెట్టుకొని చెబుతున్నాను. వెళ్లగలరు, కానీ రెండు చోట్లూ చూడలేరు. చలిని తట్టుకోవడం మాత్రం రాత్రిపూట మీరు బండిని ఎక్కడ నిలుపుతారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

దూరాల సంగతి త్వరగా ముగిస్తాను. డెట్రాయిట్ నుంచి అప్పర్ పెనిన్సులాలోకి దాటించే మాకినా వంతెనకే దాదాపు 290 మైళ్లు, పోర్కుపైన్ కొండలకు సుమారు 600 మైళ్లు ఉంటుంది. మోటార్‌హోమ్‌ను గంటకు 60 మైళ్లు దాటించడం మంచిది కాదు. పెద్దవాళ్లతో ప్రతి రెండు గంటలకూ ఆగక తప్పదు కాబట్టి, ఆగే సమయాన్నీ కలుపుకుంటే సగటున గంటకు 45 మైళ్లకు మించి లెక్క వేసుకోకండి. బండిలో మంచం ఉంది కదా అని నడుస్తున్నప్పుడు ఎవరినీ పడుకోనివ్వకూడదు. అందరూ సీట్లలో బెల్టు పెట్టుకొని కూర్చోవలసిందే. మా నాన్నగారికి నడుము నొప్పి ఉన్నందువల్ల, రోజుకు నాలుగు గంటలకు మించి ప్రయాణం పెట్టుకోకూడదని ముందే అనుకున్నాము. మొదటి రోజూ, తిరుగు ప్రయాణంలో రెండు రోజులూ తప్ప ఆ మాట నిలబెట్టుకున్నాము. మొదటి రాత్రి వంతెన దాటగానే సెయింట్ ఇగ్నేస్‌లోని స్ట్రెయిట్స్ స్టేట్ పార్కులో, రెండో మూడో రాత్రులు సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న మ్యునిసింగ్ పట్టణంలో, నాలుగో ఐదో రాత్రులు పోర్కుపైన్ కొండల్లోని యూనియన్ బే క్యాంప్‌గ్రౌండ్‌లో, ఆరో రాత్రి తిరుగు దారిలో ఎక్కడో ఒకచోట ఉండేలా వేసుకుంటే ఏడు రోజులు సరిపోతాయి. కాపర్ హార్బర్ అందమైనదే కానీ, ఈ ఏడు రోజుల్లోకి దాన్ని ఇరికిస్తే పిల్లలూ పెద్దలూ కిటికీలోంచి రోడ్డును మాత్రమే చూస్తారు. దానిని ఇంకో ఏడాదికి ఉంచుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2019లో మేము మ్యునిసింగ్ దగ్గరి పిక్చర్డ్ రాక్స్ నేషనల్ లేక్‌షోర్ లోపలి ట్వెల్వ్‌మైల్ బీచ్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాము. సుపీరియర్ సరస్సు ఒడ్డున, తెల్లటి బర్చ్ చెట్ల మధ్య, అలల చప్పుడు వింటూ పడుకోవచ్చునన్న ఆశతో దానిని ఎంచుకున్నాము. అక్కడ కరెంటు హుక్‌అప్, అంటే బండికి బయటి నుంచి కరెంటు తగిలించుకునే సౌకర్యం, ఉండదు. బండిలో ప్రొపేన్‌తో నడిచే ఫర్నేస్ ఉంది, సిలిండరు నిండుగా ఉంది, ఇంకేం భయమనుకున్నాము. అయితే మంటకు ప్రొపేన్ సరిపోయినా, ఆ వేడిని బండి అంతటికీ పంపే ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. ఆ ఫ్యాను ఒక్కటే సుమారు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు, పైగా చలికి దాని శక్తి ఇంకా తగ్గుతుంది. రాత్రి రెండు దాటాక ఫ్యాను మూలుగు సన్నబడి ఆగిపోయింది. క్యాంప్‌గ్రౌండ్‌లో చప్పుడు చేయకూడని నిశ్శబ్ద వేళలు కాబట్టి జనరేటర్ వేయడానికి లేదు. మా అత్తగారు రెండు స్వెటర్ల మీద శాలువా కప్పుకొని, చిన్నవాణ్ని ఒళ్లో పెట్టుకొని తెల్లవారేదాకా కూర్చున్నారు. పొద్దున లేచి చూస్తే కిటికీ అద్దాలకు లోపలి వైపు మంచు పొర కట్టి ఉంది. అద్దెకు ఇచ్చినవాళ్లు బ్యాటరీల వయసు గురించి చెప్పలేదు, మేమూ అడగలేదు. అందుకే మిమ్మల్ని ఇంతగా హెచ్చరిస్తున్నాను: పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు ప్రతి రాత్రీ కరెంటు హుక్‌అప్ ఉన్నచోటే దిగండి. పైన చెప్పిన స్ట్రెయిట్స్‌లోనూ, యూనియన్ బేలోనూ, మ్యునిసింగ్ పట్టణానికి చెందిన టూరిస్ట్ పార్కులోనూ ఆ సౌకర్యం ఉంది. చలికి తాళలేక గ్యాసు పొయ్యి వెలిగించి బండిని వెచ్చబెట్టుకోవాలన్న ఆలోచన మాత్రం ఎప్పుడూ చేయకండి. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

హుక్‌అప్ ఉన్నా ఒక లెక్క తెలిసి ఉండాలి. మీ సైజు బండికి సాధారణంగా 30 ఆంపియర్ల కనెక్షన్ ఉంటుంది, అంటే 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లు. చిన్న హీటరు 1,500 వాట్లు, రైస్ కుక్కరో ఇన్‌స్టంట్ పాటో దాదాపు 1,000 వాట్లు తీసుకుంటాయి. వాటికి మైక్రోవేవ్ తోడైతే బ్రేకరు పడిపోతుంది. మేము అన్నం ఉడికేంతసేపు హీటరు ఆపేసేవాళ్లము. పోపు విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. అంత చిన్న బండిలో ఎండుమిరపకాయ వేగితే పొగ అలారం వెంటనే మోగుతుంది, దాన్ని ఆపడానికి బ్యాటరీ ఊడదీసేవాళ్లను చూశాను. ఆ పని చేయకండి. ఒక చిన్న పొయ్యి తీసుకువెళ్లి, పోపు బయట బల్ల మీదే పెట్టుకోండి. మా అమ్మ రెండు రోజులకు సరిపడా పులిహోర కలిపి తెచ్చింది, పప్పుకు కావలసిన పోపు కూడా ఇంట్లోనే వేయించి సీసాలో పోసి తెచ్చింది. ప్రయాణమంతటిలో అంతకంటే ఉపయోగపడిన వస్తువు మరొకటి లేదు.

నీటి విషయానికొస్తే, రాత్రి ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరకు దిగుతుందని తెలిసినప్పుడు బయటి గొట్టాన్ని కుళాయికి తగిలించి వదిలేయకండి, గడ్డకట్టి పగులుతుంది. అక్కడి స్టేట్ పార్కుల్లో సాధారణంగా ఒక్కో సైటుకు కరెంటు మాత్రమే ఉంటుంది, నీళ్లు ఉమ్మడి కుళాయి దగ్గర పట్టుకోవాలి కాబట్టి, చేరగానే ట్యాంకు నింపుకొని పంపుతో వాడుకోవడం ఎలాగూ మేలు. అక్టోబరు మధ్యకు వచ్చేసరికి చాలాచోట్ల స్నానాల గదులు మూసి, నీళ్లు ఆపేస్తారు. మీ వారం దానికి ముందే కాబట్టి ఇబ్బంది ఉండదు, కానీ బుక్ చేసేటప్పుడు ఆ తేదీలను తప్పక చూసుకోండి.

పెద్దవాళ్లు హాయిగా చూడగలిగే చోట్లు ఈ దారిలో నిజంగా ఉన్నాయి. టాక్వామెనన్ పై జలపాతం 200 అడుగుల వెడల్పున, దాదాపు 50 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. పైనున్న సెడార్ చిత్తడి నేలల నుంచి వచ్చే టానిన్లనే పదార్థాల వల్ల ఆ నీళ్లు కాఫీ డికాక్షన్ రంగులో ఉంటాయి. చూసే చోటికి చదునైన దారి ఉంది. అంచు దాకా దిగాలంటే మాత్రం చాలా మెట్లు ఉన్నాయి, మా నాన్నగారు పైనే బెంచీ మీద కూర్చొని తృప్తిగా చూశారు. మ్యునిసింగ్ దగ్గర మైనర్స్ కాసిల్ రాతి శిఖరానికీ, పోర్కుపైన్‌లో లేక్ ఆఫ్ ది క్లౌడ్స్ చూసే చోటికీ బండి దిగాక కొద్ది దూరమే నడవాలి. పరదేశం వచ్చి అడవులు చూస్తే మా వాళ్లకు ఏం సంతోషమని అనుకున్నాను కానీ, మేము వెళ్లినది బతుకమ్మ రోజుల్లో. రోడ్డు పక్కన ఇంకా పూర్తిగా వాడని గోల్డెన్‌రాడ్ గుత్తులు చూసి అమ్మ బండి ఆపమంది, దిగి దగ్గరకు వెళ్లి చాలాసేపు నిలబడింది, ఇది తంగేడు లాగే ఉంది కానీ ఆకు వేరు అని చెప్పింది.

వంతెన దగ్గర గాలిని లెక్కలోకి తీసుకోండి. 1957లో తెరిచిన మాకినా వంతెన అయిదు మైళ్ల పొడవుంటుంది, శరత్కాలంలో అక్కడ గాలి ఉధృతంగా వీస్తుంది. గాలి గంటకు 35 మైళ్లు దాటితే మీ బండి వంటి ఎత్తైన వాహనాలను ఎస్కార్టు వెంట 20 మైళ్ల వేగంతో పంపుతారు, 50 మైళ్లు దాటితే ఆపేస్తారు. తిరుగు దారిలో మేము సెయింట్ ఇగ్నేస్ వైపు గంటకు పైగా ఆగవలసి వచ్చింది, కాబట్టి ఇల్లు చేరవలసిన మరునాడు ఉదయాన్నే ఆఫీసు పని పెట్టుకోకండి. వంతెన దాటాక పెట్రోలు బంకులు దూరదూరంగా ఉంటాయి. ట్యాంకు సగానికి రాగానే నింపుకోండి. సెనీ నుంచి షింగిల్‌టన్ వరకు ఎం-28 రోడ్డు 25 మైళ్లు తీగ లాగినట్టు తిన్నగా సాగుతుంది, అక్కడ ఫోను సిగ్నల్ మీద ఆధారపడకుండా మ్యాపులు ముందే దించుకోండి. చీకటి పడ్డాక నడపకండి, జింకలు హఠాత్తుగా అడ్డం వస్తాయి. ఆ ప్రాంతానికి పెద్ద ఆసుపత్రి మార్క్వెట్‌లో ఉంది, అమ్మానాన్నల మందులూ ఇన్సూరెన్సు కాగితాలూ చేతికి అందేలా ఉంచండి.

ఇంటి దగ్గర ఉన్న కట్టెలను నెగడు కోసం తీసుకువెళ్లకండి. యాష్ చెట్లను చంపే ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగును 2002లో మన డెట్రాయిట్ ప్రాంతంలోనే మొదట గుర్తించారు, అది ఎక్కువగా కట్టెల ద్వారానే కొత్త అడవులకు చేరింది. క్యాంప్‌గ్రౌండ్ దగ్గరే కొనుక్కోండి.

స్టేట్ పార్కుల సైట్లు ఆరు నెలల ముందే తెరుస్తారు, ఆకుల రంగుల కోసం వచ్చేవాళ్లు వారాంతాలను ముందే పట్టేస్తారు. ఆదివారం బయలుదేరితే మీకు సులభం. రంగులు లోపలి ఎత్తు ప్రదేశాల్లో ముందు వస్తాయి. వేసవి వేడిని దాచుకున్న సుపీరియర్ సరస్సు ఒడ్డున కొన్ని రోజులు ఆలస్యంగా వస్తాయి. కాబట్టి ఆ ఏడాది చలి తొందరగా దిగి పోర్కుపైన్‌లో ఆకులు రాలిపోతున్నాయని తెలిస్తే, అక్కడ ఒక రాత్రి తగ్గించుకొని మ్యునిసింగ్‌లో మూడు రాత్రులు ఉండండి.