పాత బాకా ఎప్పటిదో తెలియాలంటే ముందు పాలిష్ ఆపండి

చెన్నైలో తాతగారింటి అటక మీద పాత బాకా దొరికింది, మీద లండన్ అని ఉంది, ఎప్పటిదో ఎలా తెలుస్తుంది, శుభ్రం చేయించి ఫోటో పెడతాను అని అడిగారు. ఆ చివరి మాట చదివి గుండె గుభేలుమంది. దయచేసి దాన్ని మెరుగు పెట్టమని ఎవరి చేతికీ ఇవ్వకండి.

మా పెదనాన్న పెరంబూరులో పెళ్ళిళ్ళ బ్యాండులో కార్నెట్ అనే చిన్న బాకా వాయించేవారు. ఆయన పోయాక అది పాతికేళ్ళు దుప్పట్లో చుట్టి అటక మీదే ఉండిపోయింది. అన్నయ్య కొళత్తూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు, హాల్లో గోడకి తగిలిద్దామని వదిన దాన్ని దింపించి, జార్జిటౌనులో ఇత్తడి సామానుకి మెరుగు పెట్టే ఒకాయనకి పంపింది. ఆవిడ మంచి మనసుతోనే చేసింది. రెండు రోజుల్లో బంగారంలా మెరుస్తూ వచ్చింది. నేను చేతిలోకి తీసుకుని బెల్ మీద, అంటే విచ్చుకున్న ముందు భాగం మీద, వేలు పెట్టి చూశాను. చిన్నప్పుడు పెదనాన్న ఒళ్ళో కూర్చుని తడిమిన అక్షరాలు లేవు. కొత్త కంచంలా నున్నగా ఉంది. ఆయన పెదవులు ఆనిన మౌత్‌పీస్ అంచు కూడా అరగదీసేశాడు. గృహప్రవేశం భోజనాల్లో నాకు ముద్ద దిగలేదు.

ఆ రాత్రి చుట్టాలు వెళ్ళాక లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చిని బెల్‌కి ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకున్నాను. నెమ్మదిగా తిప్పుతుంటే ఒకచోట నీడల్లా గీతలు లేచాయి. మొదటి పేరు పూర్తిగా పోయింది. 'అండ్ సన్' మిగిలింది. కింద 'డెన్‌మన్ స్ట్రీట్'. నాకు అది చాలు. లండన్‌లో పికడిల్లీ సర్కస్ అనే కూడలి పక్కన డెన్‌మన్ స్ట్రీట్‌లో ఉన్న బాకాల తయారీదార్లు హాక్స్ అండ్ సన్. 1930లో వాళ్ళు బూసీ కంపెనీతో కలిసి బూసీ అండ్ హాక్స్ అయ్యారు. అంటే మా కార్నెట్ చాలావరకు 1930కి ముందుదే.

తయారీ నంబరు కూడా బతికింది. వేళ్ళతో నొక్కే మూడు పిస్టన్లలో మధ్యదాని గొట్టం మీద ఉంటుంది అది. పక్క గొట్టాలు రెండూ అడ్డుండటంతో మెరుగు పెట్టే చక్రం అక్కడిదాకా వెళ్ళలేదు. మీరూ ముందు అక్కడే చూడండి. మీది బూసీదో బెసన్‌దో అయితే అదృష్టం, ఆ కంపెనీల పాత తయారీ రిజిస్టర్లు లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, మీ నంబరుని వాటితో పోల్చి చూడొచ్చు. కాంపెన్సేటింగ్ పిస్టన్లు (శ్రుతి తేడాని వాటంతట అవే సరిచేసే రకం) అని రాసి ఉంటే 1874 తర్వాతిదే, బూసీ కంపెనీలోని బ్లెయిక్లీ ఆ ఏడాదే దానికి పేటెంటు తీసుకున్నాడు. బెల్ మీద పతకాల పక్కన సంవత్సరాలుంటే అవి ఆ కంపెనీకి బహుమతులొచ్చిన సంవత్సరాలు. బాకా తయారైన ఏడాది అనుకుని మోసపోకండి.

ఇంకొకటి. మా అమ్మాయి ఫోన్లో ట్యూనర్ పెట్టి ఊదిస్తే, స్వరం ఉండాల్సిన దానికంటే దాదాపు పావు స్వరం పైన పలికింది. పాడైపోయిందనుకున్నారు అందరూ. పాడవలేదు. బ్రిటిష్ బ్యాండులు 1960ల దాకా ఆ ఎత్తు శ్రుతిలోనే వాయించేవి, కాబట్టి అదీ పాతదనానికి గుర్తే.

అమ్మకాల సైట్లలో పిస్టన్ల బాకా పెట్టి 'రెండు వందల ఏళ్ళ నాటిది' అని రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు మనం చూసే రకం పిస్టన్లు పారిస్‌లో పెరినే అనే తయారీదారు చేసిందే 1830ల చివర్లో. అలాగే, మీద లండన్ లేదని చూసి ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ సరుకు అని పక్కన పడేసేవాళ్ళూ ఉన్నారు. మీరట్‌లో బ్యాండు వాయిద్యాలు చేసే నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. మన పెళ్ళిళ్ళలో మోగిన బాకాల్లో చాలా భాగం ఆ ఊరివే. మీ తాతగారిది అదే అయినా దాన్ని తక్కువ చేయకండి.

ఇవాళే మధ్య పిస్టన్ మీది నంబరు ఫోటో తీయండి. బెల్ మీద టార్చి పక్కనుంచి పట్టి ప్రతి అక్షరం తీయండి, వీధి పేరు వదలొద్దు. నల్లగా ఉంటే ఉండనివ్వండి. దుమ్ము దులపడానికి మెత్తటి పొడిగుడ్డ చాలు.