సందేహాలు – సమాధానాలు: హీటరు కారుకు వేడి చేస్తుందా, కారును వేడి చేస్తుందా?

సందేహం: పాత పెట్రోలు కార్లను ఇంటి దగ్గరే బ్యాటరీ కార్లుగా మార్చుకునేవాళ్ల కోసం ఏసీ, హీటరు బిగింపు మీద చిన్న చేతిపుస్తకం రాస్తున్నాం. ‘హీటరు క్యాబిన్‌కు వేడి చేస్తుంది’, ‘మోటారు చల్లబడ్డాక వైర్లు విప్పాలి’, ‘ఏసీ రిలే వాడరాదు’, ‘గ్యాస్ అయిపోతే మళ్లీ కొట్టించాలి’ అన్న వాక్యాలు బాగా లేవని చదివినవారొకరు అన్నారు. ఎందుకు? మావైపు ‘ఉడుకు గాలి’, ‘గరమైంది’ అంటాం. అవి పుస్తకంలో రాయవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: మొదటి వాక్యంలో చిక్కంతా ‘కు’ దగ్గరే. ‘పిల్లవాడికి వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగించండి’ అంటాం. కు విభక్తితో ‘వేడి చేయు’ వస్తే ఒంట్లో వేడి పుట్టిందనే అర్థం. ‘మామిడిపండ్లు వేడి చేస్తాయి’ అంటే దేన్ని అని ఎవరూ అడగరు. అదే ‘పాలను వేడి చెయ్యి’ అంటే పొయ్యి మీద పని. కాబట్టి ‘క్యాబిన్‌ను వేడి చేస్తుంది’ అని రాయండి. ‘హీటరు వేస్తే క్యాబిన్ వెచ్చబడుతుంది’ అంటే ఇంకా బాగుంటుంది. చలికాలం పొద్దున మనం కోరేది వెచ్చదనమే కదా.

అయితే మీ పుస్తకానికి ఈ ఒక్క సవరణ చాలదు. వేడయ్యేదాన్ని బట్టి తెలుగులో క్రియ మారుతుంది. పెనం కాలుతుంది, పాలు కాగుతాయి, పప్పు ఉడుకుతుంది, ఇంజను వేడెక్కుతుంది. పెట్రోలు కారులో హీటరుకు వేడినిచ్చేది ఇంజను చుట్టూ తిరిగే నీళ్లే. ఇంజను తీసేస్తే ఆ వేడీ పోతుంది. దాని బదులు రెండు దారులున్నాయి, రెండింటికీ క్రియలు వేరు.

ఒకటి, డాష్‌బోర్డు కింది పెట్టెలో పాత హీటర్ కోర్ (వేడినీళ్లు పారే చిన్న రేడియేటరు) ఉన్నచోట, కరెంటు ఇస్తే వేడెక్కే పీటీసీ పలకలు బిగించడం. ఇక్కడ ‘పలక కాలుతుంది’ అని మాత్రం రాయకండి. నల్లగొండలో ‘బోరు మోటారు కాలింది’ అంటే వైండింగ్ మాడిపోయిందనే. మెకానిక్ మీ వాక్యాన్నీ అలాగే చదువుతాడు. ‘పలక వేడెక్కుతుంది’ అనండి. (నెలకు రెండొందల యూనిట్లు ‘కాలాయి’ అంటే ఎవరూ కంగారుపడరు, అది వేరే సంగతి.) పీటీసీ పలక వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి కరెంటు దానంతటదే తగ్గుతుంది. అంతమాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. బ్లోయర్ ఆగితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పెట్టె మెత్తబడి వంగిపోవచ్చు. అందుకే ‘బ్లోయర్ తిరగనిదే హీటరుకు కరెంటు అందకూడదు’ అన్న వాక్యం ఒకటి, వేడి మితిమీరితే కరెంటు తెంచే థర్మల్ కటాఫ్ గురించి ఇంకొకటి తప్పకుండా ఉండాలి.

రెండోది, పాత హీటర్ కోర్‌ను, దాని రెండు రబ్బరు పైపులను అలాగే ఉంచి, మధ్యలో కరెంటుతో కూలెంట్‌ను (ఆ పైపుల్లో తిరిగే నీళ్లను) కాచే హీటరు, 12 వోల్టుల చిన్న పంపు, కూలెంట్ పోసే ఒక డబ్బా కలపడం. ఇక్కడ సరైన మాట ‘కాగడం’. మీవైపు ‘కాగవెట్టు’ అంటారు, అది చక్కని మాట. పైపుల్లో గాలి చిక్కుకుంటే కూలెంట్ తిరగదు. హీటరులో ఉన్నది మాత్రమే మరిగి కటాఫ్ పడుతుంది, వెంట్‌లోంచి చల్లగాలే వస్తుంది. డబ్బాను అన్నిటికన్నా ఎత్తులో పెట్టి, మూత తీసి, హీటరు వేయకుండా బుడగలు ఆగేదాకా పంపు నడపాలి. ‘కాచకముందు తిప్పండి’ అని రెండు ముక్కల్లో రాస్తే గుర్తుంటుంది.

‘మోటారు చల్లబడ్డాక’ తప్పు కాదు, కానీ ‘చల్లారాక’ దానికన్నా కచ్చితం. కాగిన పాలు చల్లారుతాయి, కోపం చల్లారుతుంది. ఎక్కిన వేడి దిగి మామూలు స్థితికి రావడమే చల్లారడం. సాయంత్రం వాతావరణం చల్లబడుతుంది. బయట 44 డిగ్రీలుంటే ఏసీ లోపలి గాలిని అంతకన్నా కిందికి దించుతుంది కాబట్టి క్యాబిన్ చల్లబడుతుంది. వాడి ఆపిన హీటరు, మోటారు మాత్రం చల్లారుతాయి.

‘ఏసీ రిలే వాడరాదు’ అన్నది నాలుగింటిలోకీ ప్రమాదకరం. కారును చల్లబరిచే ఏసీకి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) వద్దని చదువుకునేవాళ్లుంటారు. మీరు చెప్పదలచింది ఏసీ కరెంటు, అంటే దిశ మారుతూ ఉండే ఇంటి కరెంటు, కోసం చేసిన రిలే వద్దని. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చిలో లేచిన నిప్పు ఆరిపోతుంది. ఒకే దిశలో పారే బ్యాటరీ కరెంటుకు, అంటే డీసీకి, ఆ విరామం లేదు, నిప్పు సాగుతూనే ఉండి కాంటాక్టులు అతుక్కుపోతాయి. ‘బ్యాటరీ వోల్టేజీకి తగిన డీసీ కాంటాక్టరు (పెద్ద రిలే), డీసీ ఫ్యూజు వాడాలి’ అని విధిగా రాయండి, నిషేధంగా కాదు. అక్కడే అంకెలు కూడా వేయండి. 1 కిలోవాట్ హీటరు 12 వోల్టుల మీద సుమారు 83 ఆంపియర్లు లాగుతుంది, 72 వోల్టుల మీద 14, 144 వోల్టుల మీద 7.

‘గ్యాస్ అయిపోతే’ అనడం పెట్రోలు అలవాటు. ఏసీ గ్యాస్ ఖర్చయ్యేది కాదు, తిరిగేది. తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాట. ‘గ్యాస్ కారిపోతే, ముందు లీకు పట్టుకుని ఆపి, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చి, పైపుల్లోని గాలిని తీసేసి (వ్యాక్యూమ్ లాగి), స్టిక్కరు మీది గ్రాముల లెక్కన తూచి కొట్టించాలి’ అని రాయండి. ఇంజను బెల్టుతో తిరిగే పాత ఏసీ కంప్రెసర్ తీసి బ్యాటరీ మీద నడిచే హై వోల్టేజీ కంప్రెసర్ పెడితే దానిలోని నూనె విషయం విడిగా చెప్పాలి. పాతదానిలో సాధారణంగా ఉండే పీఏజీ రకం నూనె కరెంటును కొంత పోనిస్తుంది, కొత్తదానికి పీఓఈ రకం నూనె కావాలి. ‘నూనె మార్చాలి’ అంటే పైనుంచి పోస్తే చాలనుకుంటారు. ‘పాత నూనె చుక్క మిగలకుండా పైపులు కడగాలి’ అనండి.

ఇక మీ మాటలు. ‘ఉడుకు గాలి’ నిస్సందేహంగా రాయండి. ఉడుకు నెత్తురు అందరి తెలుగులోనూ ఉంది. ‘ఏసీ వేసినా ఉడుకు గాలే వస్తుంటే కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి’ అన్న వాక్యానికి ఏ వంకా పెట్టలేం. ఇంజను కంప్యూటరుతో పాటు ఆ ఫ్యాను సిగ్నల్ పోవడం మార్చిన కార్లలో మామూలే. ‘ఉడుకు నీళ్లు’ దగ్గర మాత్రం జాగ్రత్త. మీకు అవి వేడినీళ్లు, కోస్తా పాఠకుడికి మరుగుతున్న నీళ్లలా తోచవచ్చు. అక్కడ డిగ్రీలు వేయండి. ‘మోటరు గరమైతుంది’ అన్నదాన్ని ఫిర్యాదుల పట్టికలో, వాహనదారు మాటగా ఉంచండి. షెడ్డుకు వచ్చి ఎవరైనా చెప్పేది అలాగే. దాని ఎదురుగా రాసే కారణంలో ‘వేడెక్కడం’ చాలు.